మందు అణువుకి రంగు తగిలించాక కణంలో మీకు కనిపించేది మందా, రంగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పీహెచ్‌డీ రెండో ఏడు, చేతిలో టీఎల్ఆర్-7ని (వైరస్ జాడ పసిగట్టే రోగనిరోధక రిసెప్టర్) ఉత్తేజపరిచే ఇమిడజోక్వినోలిన్ కుటుంబపు మందు అణువు ఒకటి ఉంది. అది ఎలుక మాక్రోఫేజ్ కణంలో (క్రిములను మింగే రోగనిరోధక కణం) ఎక్కడికి చేరుతుందో కన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూడాలి. ల్యాబ్ ఫ్రిజ్‌లో ఎఫ్ఐటీసీ (ఫ్లోరెసీన్ అనే పచ్చగా మెరిసే రంగు) ఉంది కాబట్టి అదే తగిలించేద్దామనుకుంటున్నారు. సరిపోతుందా, ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఎఫ్ఐటీసీ వద్దు. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి: రంగు తగిలించాక కూడా ఆ అణువు పని చేస్తోందని, ఆ పని చేస్తున్నది రంగు తగిలిన అణువే తప్ప సీసాలో కాస్త మిగిలిపోయిన పాత అణువు కాదని తేల్చుకునే వరకు మైక్రోస్కోప్ స్లాట్ బుక్ చేయకండి. నేను ఈ తరహా ప్రోబ్‌లు (రంగు తగిలించిన మందు అణువులు) పన్నెండేళ్లుగా చేస్తున్నాను. పాడైపోయిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మెట్టు దాటేసి బొమ్మలు తీయడానికి పరుగెత్తినవే.

ఎందుకంటే యాంటీబాడీలకు రంగు తగిలించే అలవాటు మనందరికీ ఉంది. యాంటీబాడీ బరువు దాదాపు 1,50,000 డాల్టన్లు, దానికి నాలుగైదు రంగు అణువులు అంటించినా పెద్దగా పట్టించుకోదు. కానీ మీ అణువు కుటుంబంలోని ఇమిక్విమాడ్ బరువు 240, ఆర్848 బరువు 314. ఎఫ్ఐటీసీ ఒక్కటే 389. అంటే మీరు మందుకి రంగు వేయడం లేదు, మనిషి భుజాల మీద అతనికంటే బరువైన ఇంకో మనిషిని ఎక్కిస్తున్నారు. ఆ తర్వాత అతను అదే గుమ్మంలోంచి లోపలికి వెళ్తాడా, అదే కుర్చీలో కూర్చుంటాడా అన్నది పరీక్షించకుండా నమ్మే విషయం కాదు.

రంగు ఎక్కడ తగిలించాలి? ఈ విషయంలో మీ అదృష్టం బాగుంది, ఈ కుటుంబం గురించి తెలిసింది చాలా ఉంది. 2013లో టోక్యో శాస్త్రవేత్తలు టీఎల్ఆర్-7కి దగ్గరి బంధువైన టీఎల్ఆర్-8లో ఆర్848 లాంటి అణువులు ఎలా కూర్చుంటాయో క్రిస్టల్ నిర్మాణంతో చూపించారు, 2016లో టీఎల్ఆర్-7 నిర్మాణం కూడా వచ్చింది. నాలుగో స్థానంలోని అమీన్ రిసెప్టర్‌లోని ఆస్పార్టిక్ ఆమ్లంతో చేయి కలుపుతుంది, దాన్ని ముట్టుకుంటే పని అయిపోయినట్టే. రెండో స్థానంలోని బ్యుటైల్ లాంటి తోక ఒక నూనె స్వభావం ఉన్న గుంటలోకి దూరుతుంది, అక్కడా పెద్దవేవీ తగిలించలేం. మిగిలింది ఎన్1 వైపు. అక్కడ ఒక బెంజైల్ పెట్టి దాని చివర అమైనోమిథైల్ ఉంచిన అణువు ఈ రంగంలో చాలామంది వాడేదే, రంగు తగిలించినా పాలిమర్ తగిలించినా ఆ పిడి పట్టుకునే తగిలిస్తారు. మీ అణువులో ఎన్1 వైపు అలాంటి అమీన్ ఉంటే ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ (అమీన్‌తో తేలిగ్గా కలిసేది) రూపంలో ఉన్న రంగుతో నేరుగా కలపొచ్చు. నాలుగో స్థానంలోని అమీన్ తన ఎలక్ట్రాన్లను వలయంలోకి ఇచ్చేస్తుంది కాబట్టి దానికి ఆ ఎస్టర్ మీద దాడి చేసే సత్తా తక్కువ, బెంజైల్ అమీనే ముందు అందుకుంటుంది. అయినా ఎన్‌ఎంఆర్‌లో చూసుకోండి. రంగుని ఎక్కువ మోతాదులో వేసి రాత్రంతా వదిలేస్తే రెండు చోట్లా అంటుకున్న సరుకు కొంచెం వచ్చిన సందర్భాలు నేను చూశాను. మందుకీ రంగుకీ మధ్యలో నాలుగు నుంచి ఆరు కార్బన్ల లింకర్ (కలిపే గొలుసు) గానీ చిన్న పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) గానీ పెట్టండి. బంధం అమైడ్ అయితే మంచిది. ఎస్టర్ పెడితే కణంలోని ఎంజైములు దాన్ని కోసేస్తాయి, ఆ తర్వాత మీరు చూసేది విడిపోయిన రంగుని.

ఇప్పుడు ఎఫ్ఐటీసీ ఎందుకు వద్దన్నానో చెప్తాను. టీఎల్ఆర్-7 కణం పైపొర మీద ఉండదు, ఎండోసోముల్లో (కణం మింగినవి చేరే సంచుల్లో) ఉంటుంది. అక్కడ పీహెచ్ 6 దగ్గర మొదలై, లైసోసోమ్ (వాటిని జీర్ణం చేసే గది) చేరేసరికి 5 కంటే కూడా కిందికి దిగుతుంది. ఫ్లోరెసీన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకునే పీహెచ్) సుమారు 6.4, అంటే సరిగ్గా మీరు చూడాలనుకున్న గదిలోకి వెళ్లగానే దాని వెలుగు చాలావరకు ఆరిపోతుంది. మేము మొదట్లో ఇదే తప్పు చేశాం. ఆర్‌ఏడబ్ల్యూ అనే ఎలుక మాక్రోఫేజ్ కణాలకు ప్రోబ్ ఇచ్చి అరగంట తర్వాత చూస్తే లోపల దాదాపు చీకటే. అంచుల్లో మాత్రం సన్నటి పచ్చని గీత. ప్రోబ్ లోపలికి పోవడం లేదనే నిర్ణయానికి వచ్చేశాం, గ్రూప్ మీటింగ్‌లో స్లైడ్ కూడా పెట్టేశాం. తర్వాత ఒక జూనియర్ అమ్మాయి వేరే పని మీద ఆ డిష్‌లోనే అమోనియం క్లోరైడ్ వేసింది. లైసోసోముల ఆమ్లత్వం తగ్గగానే, స్క్రీన్ మీద మేము చూస్తుండగానే, ఒక్కో కణంలో చుక్కలు ఒకటి తర్వాత ఒకటి వెలిగాయి, దీపావళి రాత్రి పిట్టగోడ మీద దీపాలు వెలిగించుకుంటూ పోయినట్టు. ప్రోబ్ మొదటి నుంచీ లోపలే ఉంది, మాకు కనిపించలేదంతే.

మరి ఏ రంగు వాడాలి? లోపం లేని రంగంటూ లేదు, ఒక్కోదానికి ఒక్కో గుణం ఉంది.

బోడిపీ-ఎఫ్ఎల్ చిన్నది, ఛార్జ్ లేదు, పీహెచ్ మారినా వెలుగు మారదు. కానీ నూనె స్వభావం, పొరలకీ కొవ్వు బిందువులకీ అంటుకుంటుంది. అలెక్సా ఫ్లోర్ 488 పీహెచ్ 4 నుంచి 10 దాకా ఒకేలా వెలుగుతుంది, కాంతికి త్వరగా వెలిసిపోదు. అయితే దాని మీదున్న సల్ఫోనేట్ల వల్ల పొర దాటలేదు, ఎండోసైటోసిస్ (కణం మింగే) దారిలో మాత్రమే వెళ్తుంది. మీ అసలు మందు పొరలోంచి తనంతట తాను జారిపోయే రకం, కాబట్టి దారే మారిపోయింది. పాజిటివ్ ఛార్జ్ ఉన్న రోడమిన్ రకాలు మైటోకాండ్రియా వైపు పోతాయి, మందుకి అక్కడ పనేమీ లేకపోయినా సరే. మాక్రోఫేజ్‌లకు పచ్చ ఛానెల్‌లో సొంత మెరుపు కూడా ఎక్కువే, దానికి తోడు మీడియంలో ఫినాల్ రెడ్ ఉంటే నేపథ్యం ఇంకా పెరుగుతుంది. అందుకని నేను చేసేది ఒకటే: ఒకే మందుకి స్వభావం వేరుగా ఉన్న రెండు రంగులు విడివిడిగా తగిలిస్తాను. బోడిపీతో ఒకటి, నీళ్లలో బాగా కరిగే ఎరుపు రంగుతో ఇంకొకటి. రెండూ ఒకే చోట కనిపిస్తే అది మందు గుణమని కొంచెం నమ్ముతాను. వేర్వేరు చోట్ల కనిపిస్తే అది రంగు గుణం. సింథసిస్‌కి ఇంకో రెండు వారాలు పడుతుంది, నిజమే. ఆ రెండు వారాలు పెట్టండి.

ఇక అసలు విషయానికి వస్తాను, దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

రంగు తగిలించాక పని చేస్తోందో లేదో చూడటానికి టీఎల్ఆర్-7నీ, అది మేల్కొన్నట్టు చెప్పే రిపోర్టర్‌నీ పెట్టిన హెక్ కణాలు (మనిషి కిడ్నీ కణాలు) వాడతాం. రిసెప్టర్ మేల్కొంటే కణం ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ని బయటికి వదులుతుంది, రియేజెంట్ గులాబీ నుంచి నీలానికి తిరుగుతుంది, ప్లేట్ చేతిలో పట్టుకుని చూస్తేనే తెలిసిపోతుంది. మా ప్రోబ్‌తో 10 మైక్రోమోలార్ దగ్గర బావులు చక్కగా నీలం అయ్యాయి. అసలు మందు 100 నానోమోలార్ దగ్గర పని చేసేది. "వంద రెట్లు తగ్గింది, అయినా పని చేస్తోంది కదా" అని అందరం సంతోషించాం. అప్పుడు మా పక్క ల్యాబ్‌లో ఉన్న ఒక పెద్దాయన ప్లేట్ చూసి ఒక్కటే అడిగారు: "ఇందులో రంగు తగలని సరుకు ఎంతుంది?"

లెక్క వేయండి. మీ ప్రోబ్‌లో 1 శాతం పాత మందు మిగిలి ఉంటే, 10 మైక్రోమోలార్ ప్రోబ్ వేసినప్పుడు అందులో పాత మందు సరిగ్గా 100 నానోమోలార్ ఉంటుంది. అంటే ప్రోబ్‌కి అసలు ఏ పనీ రాకపోయినా మీకు ఇదే ఫలితం వస్తుంది! మేము ప్రోబ్ హెచ్‌పీఎల్‌సీని (మిశ్రమంలోని అణువులను విడదీసి చూపే పద్ధతి) రంగు మెరిసే తరంగదైర్ఘ్యంలో మాత్రమే చూశాం. రంగు లేని మందు అక్కడ ఎలా కనిపిస్తుంది? 254 నానోమీటర్లలో నడిపి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కలిపి చూస్తే 1 శాతం చిల్లర పాత మందు తేలింది. ప్రిపరేటివ్ కాలమ్ మీద మళ్లీ శుద్ధి చేసి అదే పరీక్ష పెట్టాం. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే ప్లేట్ మొత్తం గులాబీగానే ఉంది, ఒక్క బావి కూడా నీలం కాలేదు. అప్పటికే తీసిన నాలుగు నెలల కన్ఫోకల్ బొమ్మలు ఆ పూటతో పనికిరాకుండా పోయాయి. లింకర్ మార్చి, రంగు మార్చి, మళ్లీ మొదటి నుంచి చేశాం.

కాబట్టి ప్రోబ్ ఎన్ని రెట్లు బలహీనపడిందో, దానికి విలోమంగా ఎంత శాతం పాత మందు ఉంటే సరిపోతుందో లెక్క కట్టి, మీ శుద్ధత అంతకంటే చాలా మెరుగ్గా ఉందని చూపించండి. పది రెట్లు బలహీనపడిందనుకోండి, ఆ ఫలితం రావడానికి 10 శాతం మిగులు ఉండాలి. మీ దగ్గర 0.2 శాతమే ఉందంటే ఆ పని ప్రోబ్‌దే అని ధైర్యంగా చెప్పొచ్చు. వంద రెట్లు, వెయ్యి రెట్లు బలహీనపడిన ప్రోబ్‌ని మాత్రం నేను బొమ్మలకు వాడను. పరీక్షకు ముందే కాదు, తర్వాత కూడా చూడాలి. ఆరు గంటలు కణాలతో ఉంచాక కణాలను పగలగొట్టి, ఆ ద్రవాన్ని హెచ్‌పీఎల్‌సీలో నడిపి, మెరిసే పీక్ ఇంకా ప్రోబ్ ఉన్న చోటే ఉందా, విడిపోయిన రంగు దగ్గరికి జరిగిందా అని చూసుకోండి.

పని చేస్తుందని తేలిపోయింది అనుకుందాం. బొమ్మ తీశారు, చుక్కలు లైసోట్రాకర్ (లైసోసోములకు రంగు వేసేది) చుక్కల మీద చక్కగా కూర్చున్నాయి. ఇక్కడే చాలామంది "టీఎల్ఆర్-7 ఉన్న చోటికి చేరింది" అని రాసేస్తారు. ఆగండి. ఇమిడజోక్వినోలిన్లు బలహీనమైన క్షారాలు, ఇమిక్విమాడ్ పీకేఏ 7.3. ఇలాంటి అణువులు ఛార్జ్ లేకుండా పొర దాటి, ఆమ్ల గదిలోకి వెళ్లగానే ప్రోటాన్ పట్టుకుని ఛార్జ్ తెచ్చుకుని, తిరిగి బయటికి రాలేక అక్కడే పేరుకుపోతాయి. మలేరియా మందు క్లోరోక్విన్ కూడా అంతే. అంటే రిసెప్టర్ ఉన్నా లేకపోయినా మీ ప్రోబ్ లైసోసోముల్లోనే కనిపిస్తుంది.

సరే, బాఫిలోమైసిన్ వేసి చూద్దామంటారు. అది ఆమ్లత్వాన్ని తీసేస్తుంది, చుక్కలు పోతాయి, సైటోకైన్ (రిసెప్టర్ మేల్కొంటే కణం వదిలే సంకేత ప్రోటీన్) కూడా పోతుంది. కానీ టీఎల్ఆర్-7 పని చేయాలంటే ఆమ్ల గదిలో ప్రోటియేజ్‌లు దాన్ని కోయాలి కాబట్టి బాఫిలోమైసిన్ రిసెప్టర్‌నీ ఆపేస్తుంది, పేరుకోవడాన్నీ ఆపేస్తుంది. రెండింటినీ విడదీయదు. రంగు లేని మందు వంద రెట్లు వేసి పోటీ పెడదామన్నా ఇదే చిక్కు. అంత క్షారం లైసోసోముల్లోకి పోతే అక్కడి పీహెచ్ పెరిగి, రిసెప్టర్‌తో సంబంధం లేకుండానే చుక్కలు తగ్గుతాయి.

విడదీసేవి రెండే, నా అనుభవంలో. ఒకటి, టీఎల్ఆర్-7 లేని కణాలు పక్కపక్కనే. రెండోది, పని చేయని కవల అణువు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కవల కోసం నాలుగో స్థానంలోని అమీన్ తీసేస్తే పని పోతుంది, నిజమే, కానీ దాంతో పాటు క్షారగుణం కూడా తగ్గిపోతుంది, అప్పుడది లైసోసోముల్లో పేరుకోకపోవడానికి కారణం రిసెప్టర్ కాదు, పీకేఏ. దానికి బదులు అమీన్ అలాగే ఉంచి రెండో స్థానంలోని బ్యుటైల్ తోక తీసేయండి. క్షారగుణం దాదాపు అలాగే ఉంటుంది, పని బాగా పడిపోతుంది. ఎంత పడిపోయిందో హెక్ కణాల్లో కొలుచుకోండి. దానికీ అదే లింకర్, అదే రంగు తగిలించి పక్కన పెట్టుకుంటే అప్పుడు మీ పోలికకు అర్థం ఉంటుంది.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. ఒక పికోలీటర్ ఘనపరిమాణంలో 1 మైక్రోమోలార్ అంటే సుమారు 6 లక్షల అణువులు. కణంలో రిసెప్టర్లు 5 వేలు ఉన్నాయనుకున్నా, అవన్నీ నిండినా, మీకు కనిపించే వెలుగులో వాటి వాటా 1 శాతం కూడా కాదు. మీరు చూసే బొమ్మ రిసెప్టర్ మీద కూర్చున్న మందుది కాదు, కణంలో తిరుగుతున్న మందంతటిదీ. "ఎంత లోపలికి వెళ్లింది, ఎంతసేపు ఉంది, ఏ గదుల్లో ఉంది" అన్న ప్రశ్నలకు ఈ ప్రోబ్ మంచి జవాబిస్తుంది. "రిసెప్టర్‌ని ఎక్కడ పట్టుకుంది" అన్నదానికి ఇవ్వదు. దానికి వేరే పనిముట్టు కావాలి: రంగుకి బదులు చిన్న ఆల్కైన్, పక్కనే ఒక డయాజిరిన్. కణాల మీద 365 నానోమీటర్ల కాంతి వేస్తే డయాజిరిన్ పక్కనున్న ప్రోటీన్‌కి శాశ్వతంగా అంటుకుంటుంది, ఆ తర్వాత కణాలను ఫిక్స్ చేసి క్లిక్ రసాయనంతో ఆల్కైన్‌కి రంగు తగిలిస్తారు. 2022లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ క్లిక్ పద్ధతికే. ఇందులో మందు దాదాపు తన అసలు పరిమాణంలోనే లోపలికి వెళ్తుంది, అదే దీని బలం. డయాజిరిన్ లేకుండా ఉత్త ఆల్కైన్ పెట్టి, ఫిక్స్ చేసి, ట్రైటాన్ డిటర్జెంట్‌తో పొరకి రంధ్రాలు చేసి కడిగితే మాత్రం మందు మొత్తం కడుగు నీళ్లతో పోతుంది. రంగు తగిలిన చిన్న అణువులకీ ఇదే గతి. పారాఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను పట్టి ఉంచుతుంది గానీ పట్టుకోవడానికి వీలైన అమీన్ లేని మీ ప్రోబ్‌ని ఎందుకు పట్టుకుంటుంది? కాబట్టి రంగు ప్రోబ్ అయితే బతికున్న కణాల్లోనే చూడండి.

ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్, బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చి టీఎల్ఆర్-4ని మేల్కొలిపేది) గురించి కూడా చెప్పాలి. మాకు ఒకసారి పని చేయని కవల అణువు కూడా మాక్రోఫేజ్‌లలో టీఎన్ఎఫ్ అనే సైటోకైన్‌ని బాగా పెంచింది. హెక్ టీఎల్ఆర్-7 కణాల్లో మాత్రం ఏమీ లేదు. హెక్ కణాలకు సొంతంగా టీఎల్ఆర్-4 ఉండదు, మాక్రోఫేజ్‌కి బోలెడు ఉంటుంది. ఆ తేడాయే దొంగని పట్టించింది, బఫర్ సీసాలో ఎల్‌పీఎస్ ఉంది. మాక్రోఫేజ్ ప్రయోగాల్లో ఎల్ఏఎల్ (ఎండోటాక్సిన్) పరీక్ష చేయని ద్రావణం ఏదీ వాడకండి, ఒక బావిలో ఎల్‌పీఎస్‌ని పట్టేసే పాలీమిక్సిన్-బి కూడా పెట్టుకోండి. ఇంకొకటి, ఎలుక కణాలు వాడుతున్నారు కాబట్టి చెప్తున్నా: ఎలుక టీఎల్ఆర్-8 ఈ చిన్న అణువులకు మనిషి టీఎల్ఆర్-8లాగా స్పందించదు. ఎలుక కణాల్లో చూసింది మనిషి మోనోసైట్‌కి అలాగే అన్వయించకూడదు.

కామెంట్లలో ఇంకొకరు సీపీజీ గురించి అడిగారు. అది టీఎల్ఆర్-9ని ఉత్తేజపరిచే డీఎన్ఏ ముక్క, పెద్దది, కాబట్టి రంగు బరువు సమస్య తక్కువ. రంగు 3' వైపు పెట్టండి, 5' చివర మూసుకుపోతే టీఎల్ఆర్-9 ఉత్తేజం పడిపోతుంది. ఫాస్ఫోరోథయోయేట్ వెన్నెముక దొరికిన ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది కాబట్టి, సీజీని జీసీగా తిప్పిన కంట్రోల్‌కి కూడా అదే రంగు తగిలించి పోల్చాలి. స్టింగ్ అనే ఇంకో రిసెప్టర్‌ని మేల్కొలిపే సీజీఏఎంపీ అయితే ఛార్జ్ వల్ల తనంతట లోపలికే రాదు, అది వేరే కథ.

ఇదంతా పుస్తకాల వరకే ఉండే విషయం కాదండీ. మన హైదరాబాద్‌లోనే తయారైన కోవాక్సిన్‌లో ఆలమ్ (టీకాల్లో వాడే అల్యూమినియం లవణం) మీద కూర్చోబెట్టిన ఇమిడజోక్వినోలిన్ ఉంది, కాన్సస్‌లోని వైరోవాక్స్ నుంచి భారత్ బయోటెక్ తీసుకున్నది. కోర్బెవాక్స్‌లో సీపీజీ 1018 ఉంది. కోట్ల మంది చేతుల్లోకి వెళ్లిన అణువుల కుటుంబం మీద మీరు పని చేస్తున్నారు, ఆలమ్ మీద ఉన్నప్పుడు అవి కణంలో ఎంతసేపు నిలుస్తాయన్నది నిజంగా తెలుసుకోవాల్సిన ప్రశ్న. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

మీ స్థానంలో నేనైతే రేపు చేసేది: ఎన్1 వైపు అమీన్ ఉన్న అణువు 20 మిల్లీగ్రాములు తీసుకుని, సగం బోడిపీకి, సగం ఎరుపు రంగుకి. అదే బ్యాచ్‌లోంచి రంగు తగలని మందు ఒక 2 మిల్లీగ్రాములు ముందే విడిగా తీసి దాచండి, లేకపోతే తర్వాత పోలికకు వేరే బ్యాచ్ వాడాల్సి వస్తుంది. ప్రోబ్‌ని డీఎంఎస్ఓలో చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, రేకు చుట్టి, మైనస్ 20లో పెట్టండి. ప్రయోగం చేసే రోజు పొద్దున ఒక ట్యూబ్ హెచ్‌పీఎల్‌సీలో నడిపాకే మిగతావి కరిగించండి. మీ అణువులో ఎన్1 మీద ఏముందో ఇక్కడ రాయగలిగితే లింకర్ పొడవు గురించి ఇంకొంచెం వివరంగా చెప్తాను.